పది కుర్చీల లెక్క: మలికిపురంలో గ్రంథాలయ కంప్యూటర్ గదికి ఎంతవుతుంది?

పది కంప్యూటర్లున్న గ్రంథాలయ గదిని మలికిపురం లాంటి ఊళ్లో అయిదేళ్లు నడపాలంటే ఎంతవుతుంది? నేను వేసిన లెక్కలో 16 లక్షల 17 వేల రూపాయలు తేలింది. కంప్యూటర్లు, బల్లలు, కుర్చీలు, వైరింగు, బ్యాటరీలు, ప్రింటరు అన్నీ కలిపి కొనడానికయ్యేది అందులో 5 లక్షల 55 వేలే. అంటే మూడోవంతు. మిగతాదంతా తలుపు తెరిచాక నెలనెలా పెట్టాల్సిన డబ్బు. గ్రంథాలయాలకు కంప్యూటర్లిచ్చే పథకాలు ఎక్కువగా ఆ మొదటి మూడోవంతు గురించే మాట్లాడతాయి. రిబ్బను కత్తిరించేదీ అక్కడే, ఫొటో దిగేదీ అక్కడే. రెండేళ్లు తిరిగేసరికి మానిటర్ల మీద గుడ్డ కప్పి ఉంటుంది. ఎందుకలా అవుతుందో అంకెల్లోనే కనిపిస్తుంది. ఒక్కొక్కటే చూద్దాం.

ముందు ఊరు ఎక్కడుందో చూడాలి. మలికిపురం కోనసీమకు దాదాపు చివర. ఒక పక్క వశిష్ఠ, ఇంకో పక్క వైనతేయ, కింద సముద్రం. జాతీయ రహదారి దిండి దగ్గర చించినాడ వంతెన ఎక్కి పశ్చిమ గోదావరిలోకి దాటుతుంది. సఖినేటిపల్లి రేవులో పంటి ఎక్కితే అవతల నరసాపురం. రైలు లేదు. కోటిపల్లి–నరసాపురం లైను 2000-01లో మంజూరైంది, గోదావరి పాయల మీద వంతెనల పని ఇప్పటికీ నడుస్తూనే ఉంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడ్డాక జిల్లా కేంద్రం కాకినాడ నుంచి అమలాపురానికి మారి దగ్గరైంది, నిజమే. అయినా రాజోలు, తాటిపాక, పాశర్లపూడి వంతెన దాటి అమలాపురం చేరాలంటే ముప్పై కిలోమీటర్లకు పైనే. ఒక కాగితం పని మీద వెళ్తే పూట గడిచిపోతుంది, కూలి పోతుంది.

అలాగని ఇది ఇంటర్నెట్ ఎరగని ప్రాంతమేమీ కాదు. రాష్ట్రంలో ఫైబర్ గ్రిడ్ మొదట వెలిగింది ఇక్కడికి పక్కనే, సఖినేటిపల్లి మండలం మోరిలో. 2016 డిసెంబర్ 29న అప్పటి, ఇప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు మోరిని డిజిటల్ గ్రామంగా ప్రారంభించారు. ఆ ఊళ్లోనే పుట్టి అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీలో పనిచేస్తున్న సాల్మన్ డార్విన్ స్మార్ట్ విలేజ్ ప్రయోగానికి మోరిని ఎంచుకున్నారు. ఏడాది తిరక్కుండా 2017 డిసెంబర్ 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వెలగపూడిలో ఫైబర్ గ్రిడ్‌ను లాంఛనంగా ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు టీవీ, ఫోను, ఇంటర్నెట్ మూడూ ఇంటికొస్తాయన్నది అప్పటి మాట. తొలిదశ ఖర్చు 333 కోట్లు. అంత తక్కువలో అవడానికి కారణం, తీగను భూమిలో పాతకుండా కరెంటు స్తంభాల మీదుగా లాగడం. ఈ స్తంభాల సంగతి గుర్తుంచుకోండి, తుపాను దగ్గర మళ్లీ దానితో పని ఉంది.

మోరి ప్రయోగాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఇంటింటికీ తీగ ఇవ్వడం వేరు, ఊరికి ఒక బల్ల, ఒక తెర, పక్కన చెప్పే మనిషిని ఇవ్వడం వేరు. 5 జీబీ డేటా ఉన్న ప్లాన్ తీసుకున్న ఇంటిని తీసుకుందాం. యూట్యూబ్‌లో మామూలు నాణ్యతతో, అంటే 480 గీతల బొమ్మతో పాఠం చూడటానికి సెకనుకు 1.1 మెగాబిట్ల వేగం కావాలి. 5 జీబీ అంటే 40 వేల మెగాబిట్లు. భాగిస్తే 10 గంటల చిల్లర. ఒక నెలకు పది గంటల పాఠాలు! పోటీ పరీక్షకు చదివే పిల్లాడు అది మూడు రోజుల్లో ఖర్చు పెట్టేస్తాడు. ఫోన్లలో రోజుకు జీబీన్నర, రెండు జీబీల ప్యాకులొచ్చాక ఆ ఇబ్బంది చాలావరకు తీరింది. తీరనిది తెర సంగతి.

ఇక్కడే చాలామంది అడిగే ప్రశ్న వస్తుంది. అందరి చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉండగా గ్రంథాలయంలో కంప్యూటరెందుకు? 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన మన మిత్ర వాట్సాప్ సేవ తొలి విడతలోనే 161 సేవలు ఇచ్చింది కదా?

సర్టిఫికెట్ కావాలంటే ఫోను చాలు. కరెంటు బిల్లు కట్టడానికీ చాలు. కానీ 2025 మెగా డీఎస్సీలో 16,347 ఉపాధ్యాయ పోస్టులకు పరీక్ష మొత్తం కంప్యూటర్ మీదే జరిగింది. ప్రశ్న తెర మీద కనిపిస్తుంది, మౌసుతో జవాబు గుర్తించాలి, పక్కన గడియారం తగ్గుతూ పోతుంది. ఇలాంటి పరీక్షకు ఆరు అంగుళాల తెర మీద ఎన్ని మాక్ టెస్టులు రాసినా, పరీక్ష రోజే మౌసు పట్టుకునే అభ్యర్థికి మొదటి పది నిమిషాలు చేయి కుదురుకోవడానికే పోతాయి. సమాధానాలు తెలిసీ మార్కులు పోగొట్టుకోవడం అన్యాయం. ఇంట్లో కంప్యూటరున్న పిల్లలకు ఆ పది నిమిషాలు మిగులుతాయి.

రెండోది గల్ఫ్. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు కువైట్, దుబాయ్, ఖతర్, మస్కట్‌లతో బంధం లేని వీధి అరుదు. వెళ్లేవారిలో ఇంటిపనికి పోయే ఆడవాళ్లు చాలామంది. పదో తరగతి పాసవని వారి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర ఉంటుంది, అంటే గల్ఫ్ దేశాల్లో పనికి వెళ్లాలంటే ప్రభుత్వ వలస అనుమతి తప్పనిసరి. 30 ఏళ్లు నిండని మహిళలకు ఆ అనుమతి ఇవ్వరు. నమోదైన ఏజెంటు తీసుకోదగిన సేవారుసుము గరిష్ఠంగా 30 వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల బీమాకు ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375, పన్ను కాక. ఈ అంకెలు తెలిసిన ఇంటిని విజిట్ వీసా మీద పంపిస్తానని లక్షన్నర అడిగే సబ్ ఏజెంటు అంత తేలిగ్గా మోసం చేయలేడు. ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడటం పది నిమిషాల పని. కాకపోతే ఆ పోర్టల్‌ను తెరవాలి, ఇంగ్లిషు, హిందీ మాటల మధ్య సరైన గడి వెతకాలి, కాగితాలు స్కాన్ చేసి చిన్నవిగా కుదించి ఎక్కించాలి. ఇది ఫోను పని కాదు. ఇప్పుడు ఆ పని చేసిపెట్టేది నెట్ సెంటరు, లేదంటే ఆ ఏజెంటే. ఎవరి మీద అనుమానమో వాళ్లనే విచారించమని అడిగినట్టు.

కువైట్‌లో ఉన్నవాళ్లతో వీడియో మాటలకు మాత్రం గ్రంథాలయం పనికిరాదు. అక్కడి టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ ఇంటిపని ముగించి రాత్రి తొమ్మిదిన్నరకు ఫోను పట్టుకుంటే ఇక్కడ అర్ధరాత్రి. ఆ పని ఫోనుకే వదిలేద్దాం.

ఇక ఫోను అందరి చేతుల్లో ఉందన్న మాట. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత 2019–21లో ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడామన్న మగవాళ్లు 48.8 శాతం, ఆడవాళ్లు 21 శాతం. ఆ తర్వాత ఫోన్లు బాగా పెరిగాయి, ఇప్పుడు ఆ అంకెలు మారే ఉంటాయి. ఆ తేడా మొత్తం చెరిగిపోయిందని మాత్రం కోనసీమ పల్లెల్లో తిరిగినవాళ్లెవరూ అనరు. ఇంట్లో ఒకటే ఫోనుంటే అది పగలు ఎవరి జేబులో ఉంటుందో అందరికీ తెలుసు.

సరే, గదిలోకి వద్దాం.

ఒక మనిషి కూర్చుని రాసుకోవడానికి బల్ల మీద కనీసం మూడడుగుల వెడల్పు కావాలి. కుర్చీ వెనక్కి జరగడానికి, వెనకాల మనిషి నడవడానికి కలుపుకుంటే ఒక్కొక్కరికి 30 నుంచి 35 చదరపు అడుగులు. పదిమందికి 300 నుంచి 350. పాత శాఖా గ్రంథాలయంలో పేపర్లు చదివే గదిలో సగం ఇస్తే సరిపోతుంది. చక్రాల కుర్చీ లోపలికి రావాలంటే తలుపు 900 మిల్లీమీటర్లు తెరుచుకోవాలి, తిరగడానికి మీటరున్నర చోటుండాలి. పది సీట్లలో ఒకటి ఆ లెక్కన వదిలితే చాలు, ఖర్చేమీ పెరగదు. చూపు లేనివారికి తెర మీది అక్షరాలు చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, తెలుగూ చదువుతుంది. దాని గొంతు కాస్త మరమనిషిలా ఉంటుంది, అలవాటు పడాలి. ఒక హెడ్‌ఫోను కొంటే ఆ సీటు సిద్ధం.

బల్లల మధ్య అడ్డు ఎంత ఎత్తుండాలి? 2011 నాటి సైబర్ కేఫ్ నిబంధనలు నాలుగున్నర అడుగులు దాటకూడదంటాయి. విడి కంప్యూటర్ల తెరలు అందరికీ కనిపించే వైపు తిరిగి ఉండాలనీ, వాడినవారి వివరాలు కనీసం ఏడాది దాచాలనీ చెబుతాయి. వ్యాపారానికి రాసిన ఆ నిబంధనలు గ్రంథాలయానికి మక్కీకి మక్కీ దించుకోనక్కర్లేదు. పిల్లల కోసం తెరలు బయటికి తిప్పడం మంచిదే. భర్త కొడుతున్నాడని ఆన్‌లైన్‌లో ఫిర్యాదు రాసే ఆడమనిషి తెర ఊరంతా చూడకూడదు. పదిలో రెండు సీట్లు గోడవారగా, పక్కనుంచి చూస్తే నల్లగా కనిపించే పొర అతికించి ఉంచాలన్నది నా అభిప్రాయం. ప్రతి కంప్యూటరూ ఆపి వేస్తే ముందు మనిషి వదిలిన పాస్‌వర్డులు, ఆధార్ బొమ్మలు చెరిగిపోయేలా అమర్చాలి. ఇది సెట్టింగు పని, పైసా ఖర్చు లేదు. ఈ ఒక్క పని చేయని గదిని నేనైతే తెరవనివ్వను. గోడ మీద సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930 పెద్దక్షరాలతో రాయించాలి.

కంప్యూటర్ల దగ్గరకొస్తే, 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు భద్రతా అప్‌డేట్లు ఆపేసింది. విండోస్ 11 ఎక్కాలంటే ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం చిప్పు ఉండాలి, అది 2017లో వచ్చింది. అంతకంటే పాతవి విండోస్‌కు పనికిరావు గానీ చెత్తలో పారేయాల్సినవేం కావు. పాత హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టి, మెమరీ 8 జీబీకి పెంచి, లినక్స్ ఎక్కిస్తే ఒక్కోదానికి సుమారు 5 వేలు. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్ల తరబడి లినక్స్ మీదే నేర్చుకుంటున్నారు. మన దగ్గరా స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తేవడానికి చాలా శ్రమించారు. పదిలో ఆరు పాతవాటిని ఇలా బాగుచేస్తే ఖర్చు 30 వేలు. అదే ఆరు కొత్తవి ఒక్కోటి 35 వేల చొప్పున కొంటే 2 లక్షల 10 వేలు. మిగిలే 1 లక్షా 80 వేలతో నెలకు 12 వేల జీతానికి ఒక సహాయకురాలిని 15 నెలలు పెట్టుకోవచ్చు. కొత్త డబ్బాల కంటే అది మేలని నేనంటాను. డీఎస్సీ అభ్యర్థికి కావలసింది మౌసు, తెర, గడియారం. లోపల ఏ సాఫ్ట్‌వేరున్నా ఆమెకొకటే. ఒకటి రెండు ప్రభుత్వ పోర్టళ్లు డిజిటల్ సంతకానికి విండోస్ అడుగుతాయి కాబట్టి నాలుగు కొత్తవి ఉంచుకుంటే సరి.

కరెంటు లెక్క ఆసక్తిగా ఉంటుంది. పాతకాలపు పెద్ద సీపీయూ, మానిటరు కలిపి 150 వాట్లు లాగుతాయి. అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు, ఎల్‌ఈడీ మానిటరు కలిపి 50 వాట్లు. రోజుకు 6 గంటలు, నెలకు 25 రోజులు నడిస్తే పది పాతవాటికి 225 యూనిట్లు, పది చిన్నవాటికి 75. యూనిట్‌కు 8 రూపాయలనుకుంటే నెలకు 1,800 ఒకటి, 600 ఇంకొకటి. నెలకు 1,200 తేడా పెద్దదేం కాదు, అసలు తేడా బ్యాటరీల దగ్గరుంది. కరెంటు పోతే రెండు గంటలు నడవాలంటే చిన్నవాటికి ఒక యూనిట్ చాలు, పెద్దవాటికి మూడు కావాలి. 12 వోల్టుల 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీలో కాగితం మీద 1.8 యూనిట్లున్నా, అది పాడవకుండా వాడుకోగలిగేది సగమే. అంటే చిన్నవాటికి రెండు బ్యాటరీలు, పెద్దవాటికి నాలుగు. మూడు నాలుగేళ్లకోసారి మార్చాలి కూడా. అందుకే పాతవాటిని ఉంచుకుంటే సీపీయూ డబ్బాల్లో ఎక్కువ లాగే గ్రాఫిక్ కార్డులు ఊడబీకాలి, లావు మానిటర్లు మార్చాలి.

ఇంటర్నెట్ వేగం గురించి అందరూ ఎక్కువ మాట్లాడతారు, లెక్కలో మాత్రం అది చిన్నది. పదిమందిలో నలుగురు వీడియో పాఠాలు చూస్తుంటే 4.4 ఎంబీపీఎస్, ఇద్దరు వీడియో ఇంటర్వ్యూలో ఉంటే 3, మిగతా నలుగురు ఫారాలు నింపుతుంటే 2. మొత్తం 10 లోపే. ఒడిదుడుకులకు రెట్టింపు చేసి, వైఫై మీద వరండాలో కూర్చునే పిల్లల ఫోన్లు కలిపితే 50 సరిపోతుంది. నెలకు వెయ్యి రూపాయల లోపు దొరికే వేగమది. చిక్కల్లా అప్‌డేట్లతో. పది విండోస్ కంప్యూటర్లు ఒక్కోటి ఒక జీబీ చొప్పున దించుకుంటే, 50 ఎంబీపీఎస్ మొత్తం వాటికే ఇచ్చినా 27 నిమిషాలు. సాయంత్రం నాలుగింటికి తలుపు తీసి అన్నీ ఒకేసారి వేయగానే అవి మొదలవుతాయి, ఫారం నింపడానికొచ్చినవాళ్లు తెర చూస్తూ కూర్చుంటారు. ఒకటి దించుకుని మిగతావాటికి పంచేలా అమర్చే మనిషి ఉంటే ఈ బాధ ఉండదు.

మనిషి. ఈ లెక్కలో పెద్ద అంకె అదే.

నెలవారీ ఖర్చు ఇదీ: ఇంటర్నెట్ 1,000. ఫ్యాన్లు, లైట్లు, ప్రింటరు కలుపుకుని 150 యూనిట్ల కరెంటు 1,200. కాగితాలు, టోనరు 1,500. రిపేర్లు 1,500. సహాయకురాలి జీతం 12,000. మొత్తం 17,200. అయిదేళ్లకు 10 లక్షల 32 వేలు, మధ్యలో ఒకసారి బ్యాటరీల మార్పిడికి 30 వేలు. దీనికి మొదటి కొనుగోళ్లు కలపాలి: పాతవి బాగుచేయకుండా పదీ కొత్త కంప్యూటర్లే కొంటే మూడున్నర లక్షలు, బల్లలు, వైరింగు, ఎర్తింగుకు 1 లక్షా 20 వేలు, ఇన్వర్టరుకు 60 వేలు, ప్రింటరు, స్కానరుకు 25 వేలు. అంతా కలిపి 16 లక్షల 17 వేలు. ధరలు అటూఇటూ మారతాయి, వాటాలు పెద్దగా మారవు. అందులో ఒక్క జీతమే 7 లక్షల 20 వేలు, నూటికి 44 పైచిలుకు. ఇంటర్నెట్, కరెంటు రెండూ కలిపినా నూటికి 8.

ఇది మలికిపురానికే ఉన్న సంగతి కాదు. 2002లో ఏటికి అవతల పశ్చిమ గోదావరి జిల్లాలో గ్రామీణ ఈ-సేవ కేంద్రాలు పెట్టినప్పుడు వాటిని స్వయం సహాయక బృందాల ఆడవాళ్ల చేతికిచ్చారు. ఊరివాళ్లు కంప్యూటరు దగ్గరకు కాదు, తెలిసిన ఆడపడుచు దగ్గరకు వచ్చారు. అదే ఏడాది కేరళలోని మలప్పురంలో అక్షయ కేంద్రాలు మొదలయ్యాయి, ఇంటికొకరికి కంప్యూటరు వాడటం నేర్పడం వాటి లక్ష్యం. బిల్ గేట్స్ దంపతుల ఫౌండేషను 1997 నుంచి అమెరికా గ్రంథాలయాలకూ, ఆ తర్వాత చిలీ, బోట్స్‌వానా లాంటి దేశాల గ్రంథాలయాలకూ కంప్యూటర్లు, ఇంటర్నెట్ ఇస్తూ వచ్చి 2018లో ఆ కార్యక్రమాన్ని ముగించింది. ఇచ్చేవాడు వెళ్లిపోయాక నెల ఖర్చు ఎవరిదన్న ప్రశ్న అక్కడా మిగిలింది. మన గ్రంథాలయోద్యమానికి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. 1935లో పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లా కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపించారు. పడవ ఖరీదు ఎవరికీ గుర్తులేదు, ఊరూరా ఆపి పుస్తకమిచ్చి, మళ్లీ వచ్చి తీసుకున్న మనుషులే గుర్తున్నారు.

కూర్చున్న గంటకు ఎంత పడుతుందో చూద్దాం. శాఖా గ్రంథాలయాలు చాలావరకు పొద్దున 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7 తెరుస్తాయి. రోజుకు ఆరు గంటలు, 25 రోజులు, పది సీట్లు. అంటే నెలకు 1,500 సీటు గంటలు, అయిదేళ్లకు 90 వేలు. అన్నీ నిండితే గంటకు 18 రూపాయలు, సగమే నిండితే 36. ఫారం నింపడానికి బయట పుచ్చుకునే యాభైతోనో వందతోనో పోలిస్తే ఇదేం ఎక్కువ కాదు. ఇప్పుడు మధ్యాహ్నం మూడు గంటలు అదనంగా తెరిచామనుకోండి. సహాయకురాలికి నెలకు 4 వేలు, కరెంటుకు 600 పెరుగుతుంది. మొత్తం ఖర్చు 18 లక్షల 93 వేలకు చేరుతుంది, సీటు గంటలు లక్షా 35 వేలవుతాయి. గంట ధర 14కు దిగుతుంది, సగం నిండితే 28. ఒక్క కంప్యూటరైనా కొనకుండా గదిని ఒకటిన్నర రెట్లు చేసినట్టు. పైగా వంట, పిల్లల బడి పనులు ముగించుకుని ఆడవాళ్లు బయటికి రాగలిగేది ఆ మధ్యాహ్నం వేళే. పొద్దున ఎనిమిదికి గాని, దీపాలు పెట్టే వేళకు గాని గ్రంథాలయానికి రమ్మంటే వాళ్లెలా వస్తారు? పని వేళలు మార్చడం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే చవకైన పని, అన్నిటికంటే తక్కువగా చర్చకొచ్చే పనీ అదే.

రిపేర్లకు నెలకు 1,500 ఎక్కువ అనిపించవచ్చు. సముద్రపు గాలి తగిలే ఊళ్లో అది తక్కువే. శంకరగుప్తం డ్రెయిన్లోకి ఎగదన్నే ఉప్పునీటితో మలికిపురం మండలం కేశనపల్లి పరిసరాల్లో కొబ్బరిచెట్లు మొండేలైపోవడం రాష్ట్రమంతా చూసింది. గాలిలోని ఉప్పు అంత బాహాటంగా కనిపించదు గానీ మెమరీ కార్డుల కాళ్లకు, యూఎస్‌బీ రంధ్రాలకు తుప్పు పట్టిస్తుంది. వానాకాలంలో నెలలపాటు ఆపి ఉంచిన కంప్యూటరు కంటే రోజూ వేడెక్కే కంప్యూటరే ఎక్కువ కాలం బతుకుతుంది. తాళం వేసి జాగ్రత్త చేయడమంటే ఇక్కడ పాడు చేయడమే.

ఇక తుపాను. 1996 నవంబర్ 6 రాత్రి కోనసీమ ఎలా ఊడ్చుకుపోయిందో పెద్దవాళ్లు చెబుతారు. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం సమీపంలోనే తీరం దాటింది. స్తంభాలు పడితే కరెంటు పోతుంది, వాటి మీద లాగిన ఫైబర్ తీగ కూడా దాంతోపాటే పోతుంది. రెండూ ఒకే కర్ర మీద ఆధారపడటం చవక పద్ధతికి మనం చెల్లించే ధర. కాబట్టి గదికి రెండో దారి ఉండాలి: మొబైల్ సిమ్ వేసుకునే రౌటరు ఒకటి, పైకప్పు మీద రెండు కిలోవాట్ల సోలారు. ఎండ ఉన్న రోజున అది సుమారు ఎనిమిది యూనిట్లిస్తుంది, పది చిన్న కంప్యూటర్ల రోజు ఖర్చు మూడే. తుపాను వెలిసిన మర్నాడు ఊళ్లో ఫోన్లు ఛార్జి చేసుకునే చోటు, నష్టపరిహారం జాబితాలో పేరుందో లేదో చూసుకునే చోటు అదే అవుతుంది. కంప్యూటర్లు, బ్యాటరీలు నేల మీద కాకుండా మూడడుగుల ఎత్తున ఉండాలని వేరే చెప్పక్కర్లేదు. 2022 జూలై వరదలు చూసిన లంకల జనానికి అసలే చెప్పక్కర్లేదు.

డబ్బెక్కడిది?

కొనే ఖర్చుకు దారులున్నాయి. కోల్‌కతాలో 1972లో ఏర్పడిన రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ రాష్ట్రాలతో కలిసి పుస్తకాలకు, భవనాలకు, కంప్యూటర్లకు సాయం చేస్తుంది. 2014లో నేషనల్ మిషన్ ఆన్ లైబ్రరీస్ వచ్చింది. కోనసీమ కింద చమురు, గ్యాసు తవ్వుకునే పెద్ద కంపెనీలున్నాయి. 1995 జనవరిలో పాశర్లపూడి బ్లోఅవుట్ మంట రెండు నెలలకు పైగా ఆరలేదు, 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో గ్యాసు పైపులైను పేలింది. ఆ భారం మోసిన ప్రాంతం సామాజిక బాధ్యత నిధులు అడగడం దేబిరించడం కాదు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం పెట్టాల్సిందే. కాకపోతే ఈ నిధులన్నీ వస్తువులకే మొగ్గుతాయి. జీతమనగానే వెనక్కి తగ్గుతాయి. 2021లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం 12,979 పంచాయతీల్లో డిజిటల్ లైబ్రరీలు, తొలి విడతలో 4,530 అని ప్రకటించినప్పుడూ చర్చంతా భవనాల చుట్టూనే తిరిగింది. చాలాచోట్ల పని అసంపూర్తిగా మిగిలింది.

నెలనెలా అయ్యే ఖర్చుకు మనకు పాత దారి ఒకటుంది. తూర్పు గోదావరి జిల్లా కొంకుదురులో పుట్టిన అయ్యంకి వెంకటరమణయ్య లాంటివాళ్లు 1914 ఏప్రిల్ 10న బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిపించినప్పటి నుంచి అడిగింది, గ్రంథాలయానికి స్థిరమైన ఆదాయం. చందాలతో నడిచే సంస్థ చందాలిచ్చేవాడితోనే పోతుందని వాళ్లకు అనుభవం. 1960 ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల చట్టంతో అది గ్రంథాలయ సెస్సుగా స్థిరపడింది. ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు. పంచాయతీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి.

సహాయకురాలి జీతం ఏడాదికి 1 లక్షా 44 వేలు. 8 పైసల లెక్కన ఇది రావాలంటే 18 లక్షల ఇంటిపన్ను మీద సెస్సు కావాలి. సగటున ఇంటికి 600 పన్ను అనుకుంటే 3,000 ఇళ్లు. ఒక్కో ఇల్లు కట్టేది ఏడాదికి 48 రూపాయలు, నెలకు నాలుగు. బ్యాటరీలతో సహా గది నెలవారీ ఖర్చంతా ఏడాదికి 2 లక్షల 12 వేలు, దానికి దాదాపు 4,400 ఇళ్లు చాలు. ఒక మండలంలో ఇళ్లు అంతకంటే చాలా ఎక్కువే ఉంటాయి. జిల్లా సంస్థ ఆ డబ్బుతోనే పుస్తకాలు, పేపర్లు, అద్దెలు, మరమ్మతులు అన్నీ చూసుకోవాలి, నిజమే. అసలు గండి మాత్రం వసూలైన సెస్సును స్థానిక సంస్థలు సకాలంలో జమ చేయకపోవడం దగ్గరుంది. గ్రంథాలయ సంస్థలు దశాబ్దాలుగా చెప్పుకుంటున్న బకాయిల కథ ఇదే. మనం కట్టిన నాలుగు రూపాయలు దారిలో ఎక్కడో ఆగితే, గదికి సహాయకురాలు ఉండదు, కంప్యూటర్లకు గుడ్డ కప్పుతారు.

అందుకే మలికిపురంలోనైనా మరో ఊళ్లోనైనా కంప్యూటర్లు ఇప్పించమని అర్జీ పెట్టేముందు ఇంటిపన్ను రసీదు బయటికి తీసి గ్రంథాలయ పన్ను గడిలో ఎంత రాశారో చూడండి. గత మూడేళ్లలో ఊరంతటి మీదా ఎంత వసూలైంది, జిల్లా గ్రంథాలయ సంస్థకు ఎంత జమైంది అని పంచాయతీ కార్యాలయంలో సమాచార హక్కు చట్టం కింద అడగండి. జవాబుకు గడువు 30 రోజులు. గ్రామస్థాయి కార్యాలయంలో ఆ దరఖాస్తుకు ఫీజు లేదు.